మా అక్క కన్ను ఫస్ట్ క్లాసులో పాసైంది

"ఎలా ఉన్నావు?" అని మనిషిని మనిషి అడిగే అనాగరిక కాలం త్వరలోనే అంతరించబోతోందని పాఠకులకు తెలియజేయడానికి ఎంతో సంతోషిస్తున్నాను!

నమ్మరా? అయితే మా పెద్దాసుపత్రి పరిశోధన విభాగానికి ఒక్కసారి వెళ్ళి రండి. మూడో అంతస్తులో మనసును కొలుస్తారు. రెండో అంతస్తులో కంటికి కొత్త మందు ఎక్కించి, అది మేలు చేస్తోందా, కీడు చేస్తోందా అని లెక్క తేలుస్తారు. రెండు చోట్లా ఎవరూ ఎవరి మొహమూ చూడక్కర్లేదు. అందరూ ట్యాబ్‌లోకి చూస్తారు. ఇంతకంటే అభివృద్ధి ఏం కావాలి?

నేను మూడో అంతస్తు తాలూకు మనిషిని. ముప్పై రెండేళ్ళు బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను కాబట్టి కొలతలంటే నాకు మహా గౌరవం. అక్కడ నా చేతి నుంచి మూడు గొట్టాల రక్తం తీస్తారు. చిన్న సీసాలో ఉమ్మి వేయిస్తారు. మణికట్టుకు గుండెనీ నడకనీ లెక్కపెట్టే పట్టీ ఒకటి కడతారు, రాత్రింబవళ్ళూ ఉంచుకోవాలి. దిగులుకీ బెంగకీ రక్తంలో ఆనవాళ్ళు ఉంటాయేమోనని వెతుకుతున్నారు. వాటికి బయోమార్కర్లని పేరు. అవి దొరికిన రోజున ఇంకెవరూ ఏడవక్కర్లేదు. రిపోర్టు తెచ్చి ఇంట్లోవాళ్ళ ముందు పడేస్తే సరిపోతుంది!

ఆ సుఖం ఎలా ఉంటుందో ఊహించండి. "ఏమైంది?", "ఏం లేదు", "ఏదో ఉంది", "ఏం లేదన్నానుగా!" అంటూ మొగుడూ పెళ్ళాల మధ్య పూటంతా సాగే పంచాయితీ ఉండదు. సెలవు చీటీలో "మనసు బాగాలేదు" అని రాసి ఆఫీసరు చేత చీవాట్లు తినక్కర్లేదు. "జతపరచినది: మనసు, రెండు పేజీలు" అని రాస్తే చాలు. పలకరించడానికి వచ్చిన చుట్టాలు మన వేలి మీద ఒక్క చుక్క పరీక్షించుకుని, కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోతారు!

రక్తంతో పాటు ఇరవై ఒక్క ప్రశ్నల కాగితం కూడా ఉంటుంది. గత రెండు వారాల్లో దేనిమీదా ఆసక్తి లేనట్టు అనిపించిందా? అస్సలు లేదు. ఆకలి మందగించిందా? అస్సలు లేదు. ఒంటరిగా ఉన్నట్టు తోచిందా? అస్సలు లేదు. నాలుగు నిమిషాల్లో మొత్తం నింపేసి ఇచ్చేస్తాను. కాగితాలు తీసుకునే కోఆర్డినేటరమ్మ, "మాస్టారూ, మీ అంత నీట్‌గా ఇంకెవరూ నింపరండీ" అంటుంది. ఆ ఒక్క మాట కోసం ఇంకో ఇరవై ఒక్క ప్రశ్నలకైనా అలాగే టిక్కులు పెట్టగలను.

మా ఆవిడ పోయి రెండేళ్ళయింది. ఆ సంగతి అడిగే ప్రశ్న ఆ కాగితంలో లేదు. అడగని ప్రశ్నకు జవాబు రాయమని నేను ఏ పిల్లవాడికీ నేర్పలేదు.

ఇక రెండో అంతస్తు సంగతి. అది మా అక్కది.

మా అక్క మాకు రెండు వీధుల అవతల ఉంటుంది. యాభై ఏళ్ళుగా కుట్టుమిషను ఆవిడ కాలి కిందే ఉంది. ముఖ్యంగా కాజాలు కుట్టడానికి ఆవిడ పెట్టింది పేరు. చొక్కా చిరిగి పీలికలైనా అక్క కుట్టిన కాజా చెక్కుచెదరదు. అలాంటి మనిషికి, ఎడమ కన్ను ముందే అంతంతమాత్రమైతే, పనిచేసే కుడి కంట్లో వెనకాల పొర వాచింది. కొత్త మందు పరిశోధనలో చేర్చుకున్నారు. నెలకొక ఇంజెక్షను, ఇంజెక్షనుకు ముందు చార్టు చదవడం. గోడ మీద ఎనిమిది వరుసల అంకెలు. పై వరుసలో ఒక్కటే పెద్ద అంకె, కిందికి పోయేకొద్దీ చీమల బారు. తోడు వెళ్ళి సంతకం పెట్టే బాధ్యత నాది.

మొదటి నెల అక్క మూడో వరుస దగ్గర ఆగిపోయింది. ఇంటికొస్తూ దారి పొడుగునా ఒకటే బాధ.

"మూడో వరుసలోనే ఫెయిలయ్యాన్రా. నా ముందావిడ అయిదు గడగడా చదివేసింది."

పాఠకులారా, ఇన్నేళ్ళ సర్వీసులో నా క్లాసులో ఫెయిలైన వాడు లేడు. తోడబుట్టిన అక్క ఫెయిలైతే చేతులు ముడుచుకుని కూర్చోనా? మరుసటి నెల కారిడార్‌లో కూర్చుని, తెరిచిన తలుపులోంచి చార్టు మొత్తం డైరీలోకి ఎక్కించాను. ఇంటికొచ్చి పాఠం మొదలుపెట్టాను. ఆవిడ మిషను తొక్కుతుంటే నేను పక్కన నిలబడి చెప్పించేవాణ్ణి. "ఆరు, రెండు, ఎనిమిది, మూడు, అయిదు." పెడలు తాళానికి సరిగ్గా సరిపోయేది. ఎక్కాలు కూడా ఇంత చక్కగా ఎవరికీ వచ్చి ఉండవు!

మూడో నెల అయిదో వరుస. నాలుగో నెల ఏడు. అయిదో నెల ఎనిమిదికి ఎనిమిది! విభాగమంతా చప్పట్లు కొట్టింది. "మందు అద్భుతంగా పనిచేస్తోంది" అన్నాడు పెద్ద డాక్టరు. ఏదో మీటింగులో మా అక్కను తెర మీద కూడా చూపించారట. అంటే మొహం కాదు లెండి, గ్రాఫు. మా వంశంలో గ్రాఫ్ అయిన మొదటి మనిషి ఆవిడే. అదీ పైకి పోయే గ్రాఫు!

చార్టులు మార్చాలి కదా అని మీలో తెలివైనవాళ్ళు అడుగుతారు. నిబంధన ఉంది. మార్చడానికి ఇంకో రెండు చార్టులు బీరువాలో ఉన్నాయి కూడా. కానీ గోడకెక్కాలంటే నిచ్చెన కావాలి. నిచ్చెన మూడో అంతస్తులో ఉంది. అది కిందికి దిగాలంటే ఇద్దరు అధికారుల సంతకాలు కావాలి. ఆరు నెలల్లో ఒక సంతకం అయింది. పనులు ఇంత పద్ధతిగా జరిగే చోట కన్ను పోయినా బాధ ఉండదు!

ఈలోగా ఇంట్లో చిన్న చిన్న విశేషాలు జరుగుతున్నాయి. అక్క నాకు కుట్టిన చొక్కాకి మూడో కాజా బొత్తానికి రెండు వేళ్ళ దూరంలో పడింది. "కొత్త మోడలా అక్కా?" అన్నాను. "దారం మంచిది కాదురా" అంది. ఒకరోజు టీ గ్లాసు పక్కన పోసింది. "గ్లాసు జరిగింది" అంది. నేను గ్లాసును కాస్త ఆవిడ వైపు జరిపి పెట్టాను. అంత సాయం చేసే తమ్ముడు ఎంతమందికి ఉంటాడు?

మందు వల్ల ఏమైనా ఇబ్బందులా అని రాసుకునే ఫారం ఒకటుంది. నొప్పా? లేదు. ఎరుపా? లేదు. నీరు కారడమా? లేదు. అన్నిటికీ అక్క చెప్పింది నిజమే. చివర "ఇతరాలు" అని ఒక చిన్న గడి ఉండేది. దాంట్లో "ఏమీ లేవు" అని ముందే ప్రింటు చేసి ఉంచారు, మన శ్రమ తగ్గించడానికి! కింద తోడు వచ్చినవారి సంతకం. గుండ్రంగా, అందంగా నాది.

ఆరో నెల వచ్చింది. ఎప్పటిలాగే అక్క ఎడమ కంటికి బయటే గాజుగుడ్డ అంటించి లోపలికి నడిపించారు. వెనకాలే నేనూ వెళ్ళి గోడ వైపు చూశాను. చార్టు లేదు.

రంగులవాళ్ళు సొంత నిచ్చెన తెచ్చుకుని గోడ ఖాళీ చేశారు. మేకు ఉంది, చార్టు ఉన్నంత మేర తెల్లగా మచ్చ ఉంది, అంతే. టెక్నీషియన్ ట్యాబ్ చూసుకుంటూ వచ్చి కూర్చున్నాడు.

"ఊఁ, మొదలెట్టండమ్మా."

అక్క నిటారుగా కూర్చుంది. గొంతు సవరించుకుంది. మొదలెట్టింది. ఎక్కడా తడబాటు లేదు. ఆరు, రెండు, ఎనిమిది, మూడు, అయిదు. ఎనిమిదో వరుస చీమల బారు కూడా ఒక్కటి పొల్లుపోకుండా ఆ మేకుకి అప్పజెప్పేసింది.

"సూపర్ అమ్మా! ఎనిమిదికి ఎనిమిది!" అన్నాడు టెక్నీషియన్ తల ఎత్తకుండా.

అక్క మొహం వెలిగిపోయింది. నా వైపు తిరిగింది. సరిగ్గా నా వైపు కాదు, నా పక్కనున్న మంచినీళ్ళ డబ్బా వైపు.

"ఎలా చదివాన్రా?" అంది దానితో.

నోరు మూసుకుంటే అక్క ఫస్ట్ క్లాసు. నోరు తెరిస్తే అందరి ముందూ కాపీ కొట్టిన మనిషవుతుంది, చీటీలు అందించిన మాస్టారు నేనవుతాను. కాపీ కొట్టాడని ఎంతమంది పిల్లల్ని గోడకుర్చీ వేయించానో! నా గుండె దడదడలాడింది. మణికట్టు పట్టీ బుయ్యిమంది. చూస్తే, "అభినందనలు! ఈరోజు చురుకైన నడక పూర్తి చేశారు!" అని ఉంది. నేను అడుగు కూడా కదల్లేదు.

"బాబూ, గోడ మీద చార్టు లేదు" అన్నాను.

అతను ట్యాబ్ చూశాడు. గోడ చూశాడు. మళ్ళీ ట్యాబ్ చూశాడు.

"సబ్మిట్ అయిపోయింది మాస్టారూ. వెనక్కి తీసుకునే ఆప్షన్ లేదు."

పెద్ద డాక్టరు వచ్చాడు. డైరీ ఆయన చేతిలో పెట్టి, బట్టీ పట్టించింది నేనేనని చెప్పాను. ఆయన పేజీలు తిరగేశాడు. తర్వాత అక్క ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుని, "అమ్మా, మీకు ఏం కనిపిస్తోందో చెప్పండి" అని అడిగాడు. ఆరు నెలల్లో ఎవరైనా ఆ ప్రశ్న అడగడం అదే మొదటిసారి.

"నడిమధ్యలో మసి పూసినట్టుంది బాబూ. చుట్టూతా కొంచెం కొంచెం కనిపిస్తుంది. మూడు నెలలైంది."

"మరి చెప్పలేదేమ్మా?"

"మీరు చదవమన్నారు, చదివాను. కనిపిస్తోందా అని ఎవరూ అడగలేదుగా!"

ఆ రోజే ఇంజెక్షను ఆపేశారు. కంటికి చెరుపు చేసింది ఆ మందేనని పరీక్షల్లో తేలింది. వేరే వైద్యం మొదలుపెట్టాక మసి కాస్త పలచబడింది కానీ, పూర్తిగా పోదన్నారు. మూడు నెలల ముందే తెలిసి ఉంటే పోయేదట. నాకు సిగ్గేసింది. ఇప్పుడు ఇది రాస్తుంటే కూడా వేస్తోంది. గ్రాఫు మాత్రం ఇంకా పైకే పోతోంది. దాని పక్కన ఒక చుక్క గుర్తు పెట్టి, కింద సన్నటి అక్షరాల్లో ఏదో రాశారట. అది చదవాలంటే మంచి కళ్ళుండాలి.

కిందటి వారం మూడో అంతస్తు నుంచి నా రిపోర్టు వచ్చింది. "దిగులు ఆనవాళ్ళు: కనబడలేదు. ప్రశ్నావళి సమాధానాలతో సరిపోయినది." నూటికి నూరు! పట్టుకుని అక్క ఇంటికి పరుగెత్తాను. ఆవిడ కాజాలు మానేసి, చేత్తో తడుముకుంటూ దిండు గలీబులు కుడుతోంది. గట్టిగా చదివి వినిపించాను.

పెడలు ఆగింది.

"అయితే బాగున్నావన్నమాట."

"బాగున్నానక్కా. అస్సలు ఏమీ లేదు."

అక్క లేచి వచ్చింది. చెయ్యి చాచి నా చొక్కా మీద వెతికి, ఆ వంకర కాజా దగ్గర పట్టుకుంది.

"అది బట్టీ పట్టిందిరా తమ్ముడూ. చార్టు తీసేశాను. ఇప్పుడు చెప్పు."

చెప్పడానికి మొదటి వరుస నుంచే మొదలుపెట్టాను. మొదటి వరుసలో ఒక్కటే కదా ఉండేది, పెద్దది: మా ఆవిడ. అక్కడే ఆగిపోయాను. అక్క తొందరపెట్టలేదు, చొక్కా వదల్లేదు.

చూశారా పాఠకులారా, మనిషి మనిషిని అడిగితే ఎంత టైమ్ వేస్టో! ల్యాబులో నాలుగు నిమిషాల్లో తేలిపోయిన పని, అక్క దగ్గర పొద్దుగూకేదాకా పట్టింది.