అదికాదు మాస్టారు

ఆ రోజు పొద్దున టైలర్ మాస్టారి మనసులో ఒకే ఒక్క పని ఉంది. దుకాణంలో తనకు కుడిభుజంగా ఉన్న బావమరిదిని పక్కన కూర్చోబెట్టుకుని, ఇకమీదట ఇది మనిద్దరి దుకాణం అని చెప్పెయ్యాలి. ఈమధ్య అతను ముభావంగా ఉంటున్నాడు. రెడీమేడ్ బట్టల కంపెనీవాళ్లు రమ్మంటున్నారని కూడా వినికిడి. అతను వెళ్లిపోతే దుకాణం సంగతి అటుంచి, రోజంతా ఎదురుగా కూర్చునే మనిషి లేకుండా పోతాడు. మాస్టారి అసలు బెంగ అదే.

కాఫీ తాగుతూ ఈ మాటే భార్యతో అన్నాడు. మంచి ఆలోచనేనని, కానీ నోరు విప్పేముందు ఒక సంగతి గమనించుకోమని ఆవిడ అంది.

"మీరు ఏం మాట్లాడినా 'అది కాదు' అని మొదలుపెడతారు. అవునని చెప్పడానికి కూడా అంతే. మా తమ్ముడేమో మీరు ప్రతిదీ కాదంటున్నారనుకుంటాడు."

"అది కాదు, నేనెప్పుడన్నాను?" అన్నాడు మాస్టారు.

ఆవిడ ఆయన వంక ఒకసారి చూసి గ్లాసులు కడుక్కోవడానికి వెళ్లిపోయింది.

నిజానికి మాస్టారికి కోపం రావాలి. రాలేదు సరికదా, ఎక్కడలేని కుతూహలం పుట్టుకొచ్చింది. ఇన్నేళ్లుగా ఒక మాట తనకు తెలియకుండా తన నోట్లోనే కాపురం పెట్టిందా? దారిలో పేపర్లమ్మే ఆయన ఎండ ముదిరిందంటే, "అది కాదు, బాగా ముదిరింది" అని తను అనడం మాస్టారు తన చెవులతో విన్నాడు. ఆగి ఆరా తీస్తే, ఆయన మొహమాటపడుతూనే, వీధిలో అందరూ చాటుగా మాస్టారిని 'అదికాదు మాస్టారు' అంటారని బయటపెట్టాడు. ఎప్పట్నించి అని అడగబోయిన మాస్టారు, ముందు ఏ మాట వస్తుందో తెలిసిపోయి నోరు మూసుకున్నాడు.

దుకాణం తెరవగానే ఉపాయం తట్టింది. టైలర్ నోట్లో గుండుసూదులుంటే ఎవరూ వింతగా చూడరు. సూదులుండగా ఆ మాట బయటికి రాదు. బావమరిది బొత్తాలు కొనడానికి బజారుకు వెళ్లాడు. అతను తిరిగొచ్చేలోగా నాలుక దారికొస్తుందనుకుని మాస్టారు నాలుగు సూదులు పెదవుల మధ్య బిగించాడు. చిక్కల్లా, సూదులు పెట్టుకున్న నోటికి పలికేది "ఊఁ" ఒక్కటే.

ముందుగా బడి హెడ్మిస్ట్రెస్ వచ్చింది. కొత్త కోటు తొడుక్కుని అద్దం ముందు అటూ ఇటూ తిరిగి, నడుము దగ్గర బిగుతుగా ఉందే, కుట్టులో తేడానా లేక తనే లావయిందా అని అడిగింది. మాస్టారు "ఊఁ" అన్నాడు. లావయ్యాననా మీ ఉద్దేశం అని ఆవిడ రెట్టిస్తే, సూదులు తీస్తే ఆ మాటే ఊడిపడుతుందని భయపడి మళ్లీ "ఊఁ" అన్నాడు. కోటు బల్లమీద పడేసి ఆవిడ చరచరా మందుల షాపుకు వెళ్లి, తలనొప్పి మాత్రతోపాటు మాస్టారి వాలకం కూడా అక్కడ చెప్పి పోయింది.

మందుల షాపాయన పరుగున వచ్చాడు. గొంతు చెడిందా అన్నాడు. "ఊఁ." డాక్టరు మాట్లాడొద్దన్నాడా అన్నాడు. "ఊఁ." ఇలాగైతే బేరాలు సాగేదెలా, కొంపదీసి దుకాణం కట్టేస్తారా అన్నాడు. ఈసారి మాస్టారు గట్టిగా తల అడ్డంగా ఊపబోయాడు గానీ, సూదులు గుచ్చుకుంటాయని మరీ మెల్లగా ఊపాడు. ఆ ఊపులో షాపాయనకు అంతులేని దుఃఖం కనబడింది. పాపం మంచి మనసున్నవాడు, కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చి, వీధి మొగలో ఎదురైన బావమరిదికి ఉన్నదీ లేనిదీ కలిపి చెప్పేశాడు.

బావమరిది బొత్తాల పొట్లంతో రొప్పుతూ గుమ్మంలోకి వచ్చాడు. "బావా, దుకాణం మూసేస్తున్నారట. నాతో ఒక్కమాట చెప్పాలనిపించలేదా?"

"ఊఁ" అన్నాడు మాస్టారు. చెప్పు, వింటున్నానని దాని అర్థం.

బావమరిది బొత్తాల పొట్లం బల్లమీద పెట్టేశాడు. "కంపెనీవాళ్లు సాయంత్రంలోగా జవాబు చెప్పమన్నారు. రానని చెబుదామనుకున్నాను. నేను ఏ కాలరు కత్తిరించినా మీరు 'అది కాదు' అంటారు, అయినా మీ దగ్గరే ఉండాలనిపించింది. నేనిక్కడ అక్కర్లేదంటే చెప్పండి, వెళ్లిపోతాను."

సమాధానం కోసం ఆగకుండా, మేకుకు తగిలించిన తన కత్తెర తీసి గుడ్డలో చుట్టడం మొదలుపెట్టాడు. మాస్టారి పెదవులు వాటంతటవే తెరుచుకున్నాయి. సూదులన్నీ నేలమీద చెల్లాచెదురయ్యాయి.

"అది కాదు" అన్నాడు.

ఆ మాట తన నోట సరైన చోట పడటం అదే మొదటిసారి. బావమరిది చేతులు ఆగిపోయాయి.

"నీ కాలర్లు ఎప్పుడూ బాగానే ఉండేవిరా. 'అది కాదు, భలే కుదిరింది' అనబోయేవాణ్ణి."

"మరి ఆ రెండో ముక్క నేనెప్పుడూ వినలేదే?"

"నేను 'అది కాదు' అనగానే నువ్వు 'తెలుసు బావా' అని అటు తిరిగిపోతావు. నా మాట నీకక్కర్లేదు కాబోలని నేనూ మింగేసేవాణ్ణి."

"నేనా? తెలుసు బావా, కానీ నేనెప్పుడన్నాను?" అని బావమరిది తన మాట తనే విని నిలబడిపోయాడు.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇన్నేళ్ల మెచ్చుకోళ్లన్నీ ఆ రెండు మాటల మధ్య నలిగిపోయాయని అర్థమయ్యేసరికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చివరికి నవ్వే గెలిచింది. ఆ నవ్వులోనే మాస్టారు పొద్దుటి నుంచి దాచుకున్న మాట చెప్పేశాడు. బావమరిది కత్తెర మళ్లీ మేకుకు తగిలించి, హెడ్మిస్ట్రెస్ కోటు చేతిలోకి తీసుకుని నడుము దగ్గర కుట్టు విప్పసాగాడు.

మధ్యాహ్నం మాస్టారి భార్య భోజనం పట్టుకొచ్చింది. జరిగిందంతా విని, 'నేను ముందే చెప్పాను' అంది. హెడ్మిస్ట్రెస్ అలిగిన సంగతికీ 'నేను ముందే చెప్పాను' అంది. నేలమీది సూది తన కాలికి గుచ్చుకున్నప్పుడూ అదే అంది. బావమరిది ఏదో అనబోతే మాస్టారు కళ్లతోనే వారించాడు. ఆవిడ సంగతి ఆవిడకు చెప్పకూడదన్నది, భాగస్వాములుగా వాళ్లిద్దరూ కలిసి తీసుకున్న మొట్టమొదటి నిర్ణయం.