నాలుగు గదులు, నడిమి గోడ

ఆ రోజు పొద్దున్న విజయదుర్గ పెట్టుకున్న పని చాలా చిన్నది. ఇంట్లో కాఫీలు మొదలయ్యేలోపు గుండె, ఎసరు మరిగేలోపు న్యూటన్ సూత్రాలు పూర్తి చెయ్యాలి. మార్చి ముంచుకొస్తోంది. పదో తరగతి సైన్సు పరీక్ష ఆవిడ పెళ్ళికి ముందే ఒకసారి తప్పింది. పెళ్ళిచూపుల్లో వాళ్ళ నాన్నగారు "మా అమ్మాయి పదో తరగతి దాకా చదివిందండీ" అన్నారు. అందులో అబద్ధమేమీ లేదు. కొత్తపేట దగ్గరున్న ఈ అత్తవారింటికి చేరేసరికి ఆ మాట "పదో తరగతి పాసయింది"గా మారిపోయింది, అంతే.

మారి ఊరుకున్నా బాగుండేది. తోడికోడలు కామేశ్వరి "మా చెల్లి టెన్త్ పాసండీ" అని కనబడ్డవాళ్ళందరికీ చెప్పేసింది. ఊళ్ళో అంగన్‌వాడీ టీచరు ఉద్యోగం ఖాళీ కాబోతోందని తెలిసిన దగ్గర్నుంచీ, "నీ సర్టిఫికెట్టు బీరువాలోంచి తీసి ఉంచవే" అని వెంటపడుతోంది. బీరువాలో చీరలున్నాయి, కలరా ఉండలున్నాయి, సర్టిఫికెట్టు మాత్రం లేదు. అందుకని దుర్గ ఎవరికీ, కట్టుకున్న కొండలరావుకు కూడా చెప్పకుండా, హైస్కూల్లో పనిచేసే కరుణ టీచరు సాయంతో ప్రైవేటుగా పరీక్షకు కట్టింది.

వచ్చిన చిక్కల్లా ఒకటే. పైకి చదివితే తప్ప దుర్గకు ఒక్క ముక్క బుర్రకెక్కదు. పైగా పుస్తకంలో మాటలు పలకడానికి ఊపిరి చాలదు. అగ్రద్వయ కవాటం దగ్గర బయలుదేరి అగ్రత్రయ కవాటం దగ్గరికి వచ్చేసరికి నాలుక మడత పడిపోయేది. అది చూసి కరుణ టీచరే ఉపాయం చెప్పింది.

"గుండెని మీ ఇల్లనుకోండి దుర్గగారూ. గదులు, గోడ, తలుపులు అని మామూలు మాటల్లో కంఠతా పట్టండి. సంగతి బుర్రకెక్కితే పేర్లు అవే వస్తాయి."

ఆ ప్రకారం దుర్గ పెరట్లో కొబ్బరికాయల పాకలోకి దూరి, కాయల రాశి వెనక కూర్చుని, కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది.

"మొత్తం నాలుగు గదులు. పైన రెండు చిన్నవి, కింద రెండు పెద్దవి. మధ్యలో పైనుంచి కిందిదాకా గోడ. కుడివైపంతా చెడ్డ రక్తం. ఎడమవైపంతా మంచి రక్తం. ఈ రెండూ ఒకదాంట్లో ఒకటి కలవకూడదు. అందుకే గోడ!"

సరిగ్గా అప్పుడే వేణ్ణీళ్ళ పొయ్యిలోకి కొబ్బరి మట్టలు తీసుకుపోదామని కామేశ్వరి పాక అవతలికి వచ్చింది. ఆ ఇంట్లో నడవాకు కుడివైపు గదుల్లో ఆవిడా, భర్త మంగరాజూ ఉంటారు. ఎడమవైపు గదుల్లో దుర్గా, కొండలరావూ ఉంటారు. అన్నదమ్ములిద్దరిదీ ఒకే పొలం, ఒకే తోట, ఒకే వంటిల్లు. విడిపోవడమనే మాట ఆ కప్పు కింద ఇంతవరకూ ఎవరి నోటా రాలేదు. కామేశ్వరి మట్టలు అక్కడే వదిలేసి వీధరుగు మీదికి పరుగెత్తింది.

మంగరాజు పడక్కుర్చీలో వాలి ఉన్నాడు. ఆయన పొద్దున్నే అందులో వాలితే భోజనాల వేళకు గానీ లేవడు.

"ఏవండీ, మన దుర్గ గోడ కట్టేస్తుందటండీ! మేడ కూడా వేస్తుందట. మన వైపుదంతా చెడ్డ రక్తమట!"

"నీ మొహం. కలగానీ వచ్చిందా?"

"మీరే వచ్చి వినండి."

మంగరాజు నమ్మకపోయినా లేచి పాక వెనక్కి వచ్చాడు. అప్పటికి దుర్గ గుండె ముగించి న్యూటన్‌ను పట్టుకుంది.

"కదలకుండా పడున్నది ఎప్పటికీ అలాగే పడుంటుంది. చచ్చినా దానంతటది కదలదు. బయటినుంచి ఎవరో ఒకరు గట్టిగా తొయ్యాలి. మనం ఎంత బలంగా తోస్తే, అదీ అంత బలంగా మనల్ని తోస్తుంది."

మంగరాజు మొహంలో రంగు మారింది. ఇంటికి పెద్దవాడు, తండ్రి పోయినప్పటినుంచీ తమ్ముణ్ణి కొడుకులా చూసుకున్నవాడు. కుర్చీలో కూర్చోవడం తప్ప ఆయన ఎవరికీ ఏ అపకారమూ చెయ్యలేదు.

"నన్నెవరూ తొయ్యక్కర్లేదు కామేశ్వరీ" అన్నాడు. "వాళ్ళు నోరు తెరిచి అడిగేలోపు మనమే ఇచ్చేద్దాం." కండువా భుజాన వేసుకుని, సైకిలు తీసుకుని, పక్క ఊరి తాపీమేస్త్రి ఏడుకొండలు కోసం వెళ్ళిపోయాడు.

ఇవేవీ తెలియని దుర్గ కూనిరాగం తీస్తూ వంటింట్లోకి వచ్చింది. కామేశ్వరి చింతపండు పిసుకుతోంది.

"నాకంతా తెలిసిపోయింది దుర్గా."

దుర్గ గుండెలో నాలుగు గదులూ ఒక్కసారి ఖాళీ అయిపోయాయి. "ఎలా తెలిసిందక్కా?"

"పాకలో నీ నోటితో నువ్వే అన్నావుగా! ఎన్నాళ్ళనుంచీ ఈ ఆలోచన?"

"దసరా వెళ్ళిన దగ్గర్నుంచీ అక్కా. మీ దగ్గర దాచాలని కాదు. పని అయిపోయేక ఒకేసారి చెబుదామనుకున్నాను."

"అయిపోయేకా! మరి మా మరిదికి తెలుసా?"

"ఆయనకీ చెప్పలేదక్కా. అసలు పెళ్ళికి ముందే ఒకసారి ప్రయత్నించేను. అప్పుడు కుదర్లేదు."

"పెళ్ళికి ముందే!" చింతపండు కామేశ్వరి చేతిలోంచి జారిపోయింది. "అంటే మా గుమ్మం తొక్కకుండానే..."

"అప్పట్లో సరిగ్గా చెప్పేవాళ్ళు లేరక్కా. ఇప్పుడు కరుణ టీచరుగారున్నారు. బొమ్మ కూడా ఆవిడే గీసిచ్చేరు. గదులు, గోడ, ఎటునుంచి లోపలికి రావాలో, ఎటునుంచి బయటికి పోవాలో, అన్నీ బాణం గుర్తులేసి మరీ."

"బాణం గుర్తులేసి మరీ!" అని కామేశ్వరి కొంగు నోట్లో కుక్కుకుని బావురుమంది. దుర్గకూ ఏడుపొచ్చింది.

"తప్పయిపోయిందక్కా. కానీ మానెయ్యమని మాత్రం అనకండి. ఈ మార్చిలో ఎలాగైనా గట్టెక్కాలి."

"ఎవరు మానెయ్యమన్నారమ్మా? మీ బావగారు మేస్త్రిగారి కోసమే వెళ్ళేరు."

కొంగు అడ్డంలోంచి, ఏడుపులోంచి వచ్చేసరికి ఆ 'మేస్త్రిగారు' కాస్తా దుర్గ చెవిలో 'మేష్టారుగారు' అయి కూర్చున్నారు. దుర్గ ఆనందం పట్టలేకపోయింది.

"మేష్టారి కోసమా! ఎంత మంచివారక్కా బావగారు! కరుణ టీచరుగారు చాలు కదా, ఆయనకి శ్రమెందుకు?"

కామేశ్వరి ఏడుపు ఆపి ఆమె వంక చూసింది. ఇంత సంతోషంగా ఇల్లు చీల్చే మనిషిని ఆవిడ ఎన్నడూ చూడలేదు.

కాసేపటికి మంగరాజు వెనకాల ఏడుకొండలు వచ్చాడు. చెవి మీద పెన్సిలు, చంకలో సంచీ. పెన్సిలు చూడగానే దుర్గ అనుమానం తీరిపోయింది. స్టీలు గ్లాసులో కాఫీ తెచ్చి వినయంగా అడిగింది.

"లెక్కలు కూడా మీరే చూస్తారాండీ?"

"ఆయ్, లెక్కలు చివర్లో చూద్దామండీ. ముందు కొలతలు. గోడ ఎంతవరకండీ?"

మేష్టారు వచ్చీ రాగానే ప్రశ్నలు వేస్తున్నారని దుర్గ చేతులు కట్టుకుని నిలబడింది. "పైనుంచి కిందిదాకా అండీ."

"తలుపులేమైనా ఉంటాయాండీ?"

"ఉంటాయండీ. కానీ ఒకవైపుకే తెరుచుకుంటాయి. ఇటునుంచి అటు వెళ్ళింది మళ్ళీ వెనక్కి రాకూడదు."

"అలాంటి తలుపు నేనింతవరకూ బిగించలేదండీ" అన్నాడు ఏడుకొండలు ఆశ్చర్యంగా. మంగరాజు మొహం గోడవైపు తిప్పుకుని కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

ఏడుకొండలు కాఫీ తాగి, సంచీలోంచి తాపీ, దారం, సున్నం పొట్లం తీసి నడవా మధ్యలో గీత గియ్యడం మొదలుపెట్టాడు. సైన్సుకి సున్నమెందుకో దుర్గకు అర్థం కాలేదు. అడుగుదామనుకునేలోపు, తెల్లవారుజామునే వెళ్ళి అంబాజీపేటలో కొబ్బరి అమ్మి కొండలరావు ఇంటికి వచ్చాడు. గడప దాటుతూనే గీత తొక్కాడు.

"ఏంటన్నయ్యా ఇది?"

"నువ్వు అడగాల్సిన పనిలేదురా తమ్ముడూ. నేనే ఇచ్చేస్తున్నాను."

"నేనేమడిగేను?"

"నీ తరఫున అడిగేరు. మేడతో సహా."

దుర్గ నోరు తెరిచింది గానీ, ఆ కేకల్లో ఆమె మాట ఎవరికీ వినపడలేదు. నాకు తెలియకుండా మేస్త్రిని పిలుస్తావా అని తమ్ముడు, మాకు తెలియకుండా మీరు పాకలో ప్లాన్లు వెయ్యొచ్చా అని అన్న. మాటకు మాట పెరిగింది. పక్కింటివాళ్ళు కంచె దగ్గర చేరారు.

"అయితే పంచు! కుడివైపు నాకిచ్చెయ్, నుయ్యి అటే ఉంది!" అన్నాడు కొండలరావు.

"చెడ్డ రక్తమున్న వైపు నీకెందుకురా?"

"ఎవరిది చెడ్డ రక్తం? నీదీ నాదీ ఒకటేగా!"

బడికి వెళ్తూ ఈ గోల విని కరుణ టీచరు సైకిలు దిగింది. ఆవిడను చూడగానే కామేశ్వరి చెయ్యి చాపింది. "అదిగో, ఆ మహాతల్లేనండీ ప్లాను గీసిచ్చింది!"

"ప్లానేంటండీ?" అంది కరుణ టీచరు, నడవాలో గీతకేసీ తాపీకేసీ బిత్తరచూపులు చూస్తూ.

ఇంక మంగరాజు వల్ల కాలేదు. ఛాతీ మీద చెయ్యేసుకుని కుర్చీలో కూలబడ్డాడు. "నా గుండె పగిలిపోయిందిరా తమ్ముడూ!"

కేకలు టక్కున ఆగిపోయాయి. ఈసారి దుర్గ గొంతు అందరికీ వినబడింది.

"బావగారూ, గుండె అటు లేదండీ. మీరు కుడివైపు పట్టుకున్నారు. రెండు ఊపిరితిత్తుల మధ్య, కొంచెం ఎడమకి జరిగి ఉంటుంది. గుప్పెడంత. దానికి నాలుగు గదులు. పైన రెండు చిన్నవి, వాటిని కర్ణికలంటారు. కింద రెండు పెద్దవి, అవి జఠరికలు. మధ్యలో గోడ. కుడివైపంతా చెడ్డ రక్తం..."

"అదే! అదే మాట!" అని అరిచింది కామేశ్వరి. "పొద్దున్న పాకలో అన్నదీ ఇదే!"

"ఆపకండి దుర్గగారూ" అంది కరుణ టీచరు. "కవాటాల పేర్లు?"

"అగ్రద్వయ కవాటం, అగ్రత్రయ కవాటం" అంది దుర్గ. నాలుక మడత పడకుండా వచ్చినందుకు ఆమే తెల్లబోయింది. ఆ వెంటనే భోరుమని ఏడ్చి, పెళ్ళిచూపుల దగ్గర్నుంచి పరీక్ష దాకా మొత్తం చెప్పేసింది.

కొండలరావు భార్య వంక, అన్న వంక, సున్నం గీత వంక చూసి నెమ్మదిగా అరుగు మీద కూర్చున్నాడు. మంగరాజు చెయ్యి కుడివైపు నుంచి ఎడమవైపుకి జరుపుకున్నాడు. కామేశ్వరికి మాత్రం ఒక సందేహం మిగిలిపోయింది.

"అయితే ఆ చెడ్డ రక్తం మాది కాదాండీ టీచరుగారూ?"

"అందరికీ ఉంటుందండీ. దాన్ని ఊపిరితిత్తుల్లోకి పంపితే మంచిదైపోయి వస్తుంది."

"మరి కదలకుండా పడుండేది?" అన్నాడు మంగరాజు బితుకుబితుకుమంటూ.

"రాయండీ బావగారూ, రాయి! న్యూటన్ మొదటి సూత్రం!"

ముందు ఎవరు నవ్వారో తెలియదు గానీ, కంచె అవతలివాళ్ళ దాకా అందరూ పొట్ట పట్టుకున్నారు. ఒక్క ఏడుకొండలే నవ్వలేదు. "అయితే గోడ లేదాండీ?" అని అడిగి, పని పోయిందన్న బాధతో ఆ పూట భోజనం మాత్రం వదలకుండా చేసి వెళ్ళాడు.

కామేశ్వరి మర్నాటినుంచి దుర్గను వంటింట్లోకి రానివ్వలేదు. తనే ప్రశ్నలు అడిగి పాఠం అప్పజెప్పించుకునేది. పరీక్షలో గుండె వచ్చింది, న్యూటన్ కూడా వచ్చాడు. ఫలితాలు తెలిసినరోజు అంతా మిఠాయి తింటుంటే, కామేశ్వరి తోడికోడల్ని పక్కకు పిలిచింది.

"ఒసే దుర్గా, నేను ఎనిమిదితో ఆపేసేనే. మీ బావగారితో అనకు. ఇన్నాళ్ళు నీచేత అప్పజెప్పించుకున్నాను కదా, ఆ గుండె నాకు నీకంటే బాగా వచ్చేసింది. నేనూ కట్టెయ్యనా?"

మరుసటి ఏడాది కామేశ్వరి పరీక్షకు వెళ్ళింది. తోడుగా దుర్గా వెళ్ళింది. పరీక్షలయ్యేదాకా వంట అన్నదమ్ములే చేసుకున్నారు. ఇల్లు నిజంగా విడిపోయేంత పని అయింది ఆ వారంలోనే. కూరలో ఉప్పు రెండోసారి ఎవరు వేశారన్నది ఇప్పటికీ తేలలేదు.