తప్పక చూడవలసిన బుచ్చిరాములు

పొద్దున్నే కరపత్రం విప్పిన బుచ్చిరాములుకు కళ్లు తిరిగినంత పనైంది. నాచారం కాలనీ నవ్వుల పండుగలో పదకొండు ప్రదర్శనలుంటే, "తప్పక చూడవలసినది" అని నక్షత్రం గుర్తు పడింది ఒక్క తన పేరుకే. జన్మనక్షత్రం కూడా ఆయనకింత మేలు చేయలేదు. ఫ్యాక్టరీలో ఫిట్టరుగా ఉంటూ పాతికేళ్లుగా ఉప్పల్ ఆటోవాళ్లను అనుకరిస్తున్నాడు మరి.

తీరా గౌరవం దక్కిన రోజున చూడ్డానికి భార్య లక్ష్మీనర్సమ్మ లేదు. పోయి మూడు నెలలు. మొగుడు నోరు తెరవకముందే ముందు వరుసలో పకపకా నవ్వేది. ఆ నవ్వు విని జనం నవ్వేవారు. ఇప్పుడా ఇంట్లో కుక్కర్ కూత తప్ప మరో గొంతు లేదు. ఒక్క నవ్వు వింటే చాలనుకుంటూ చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు.

సాయంత్రం హాలు కిటకిటలాడింది. వచ్చినవాళ్లు వచ్చినట్టే ఆయన చేతిలో అరటిపళ్లు పెట్టి, భుజం తట్టి కూర్చున్నారు. సన్మానం కాబోలనుకుని మురిసిపోతూ వేదికెక్కి అందుకున్నాడు.

"ఉప్పల్, ఉప్పల్! జర సర్దుకోన్రి, ఇంకా నలుగురు వడతరు! అక్కా, సంచిని ఒళ్లె వెట్టుకో, సంచి మీద అన్న కూసుంటడు!"

ఒక్క నవ్వు రాలేదు. గొంతు పెంచాడు. పక్కింటి శారద కొంగుతో కళ్లొత్తుకుంది. నవ్వించబోయి నవ్వులపాలవుతానేమోనని దారంతా భయపడ్డాడు. ఆపాటి అదృష్టం కూడా పట్టలేదు.

పావుగంటకు ముందు వరుస లేచింది. తలలు వంచుకుని, ఒక్క మాటైనా చెప్పకుండా నడిచింది. అప్పుడర్థమైంది బుచ్చిరాములుకు. మనుషులు చెప్పకుండా లేచిపోయేది చావింటి నుంచే.

"ఆగున్రి! పరామర్శకొచ్చిన్రా మీరంత?"

కార్యదర్శి విశ్వనాథం మైకు అందుకున్నాడు. ఆయనది కాకినాడ వైపు.

"తప్పు నాదేనండీ. మిమ్మల్ని పలకరించడం ఎవరూ మానకూడదని నేనే మీ పేరుకా నక్షత్రం పెట్టించాను. భార్య పోయి ఏడాది తిరగని మనిషి ముందు ఇకిలించొద్దని ఇంటింటికీ చెప్పాను."

"ఓ సారూ! ఇంట్ల ఏడ్సేటందుకు నేనొక్కన్ని సాలు. నవ్వేటోళ్లు దొరుకుతలేరనే గీడికొచ్చిన."

బుచ్చిరాములు గొంతు సవరించుకుని మళ్లీ "ఉ..." అన్నాడో లేదో, ఏడుపు ఆపుకోబోయిన శారద ఫక్కున నవ్వేసింది. అచ్చం నర్సమ్మలాగే, మాట పూర్తికాకముందే. ఆ వెనకే హాలు.

వెళ్తూ అందరూ, "పోయొస్తం, బుచ్చన్నా" అని చెప్పి మరీ వెళ్లారు. పళ్లు మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు.

ఇంట్లో పద్నాలుగు డజన్ల అరటిపళ్లు. తినే మనిషి ఒక్కడు.