తోళ్లు కడిగే మిషనుకు మడి

"ఇకమీదట ఈ కౌంటీలో ఏ పశువూ మురికి తోలుతో పోదు!" అని పశుచర్మ పరిశుభ్రతా కమిషనర్ రోస్కో ట్విడ్ గారు ప్రకటించారు. ఎంత దయగల మాట! జనం టోపీలు తీసి చప్పట్లు కొట్టారు. పశువులను ఎవరూ అడగలేదు.

ప్లాట్ నది పక్కనున్న గొడ్డుమాంసం ఫ్యాక్టరీ మేనేజరు వెర్లిన్ కుబిచెక్ మాత్రం చప్పట్లు కొట్టలేదు. అతని మనసంతా సోమవారం మీద ఉంది. మంచు కరిగి మేపుడు దొడ్లన్నీ బురదయ్యాయి. వచ్చే ప్రతి ఎద్దు పొట్టకిందా పేడగడ్డలే. తోలు ఒలిచేటప్పుడు ఆ మురికి తగిలితే క్రిములు మాంసానికెక్కుతాయి. సోమవారం బర్గర్ల కంపెనీ వాళ్లొచ్చి తోళ్లు పరీక్ష చేస్తారు. తప్పితే ఆర్డరు పోతుంది. రెండో షిఫ్టు జనమంతా ఇంట్లో కూర్చోవాలి.

తోళ్లు కడిగే మిషను వచ్చి చలికాలమంతా గడిచింది. కమిషనర్ గారు రిబ్బను కత్తిరించేదాకా మీట నొక్కొద్దని హుకుం. వారికి శుక్రవారం తీరింది. వస్తూనే మిషను చుట్టూ తిరిగారు.

"ఏమోయ్ వెర్లిన్, పశువు దీన్లోకి నడిచి వెళ్తుందా?"

"లేదండీ. ముందు పడగొడతాం. గొలుసుకు వేలాడదీస్తాం. అప్పుడు కడుగుతుంది."

"అంటే చచ్చాక స్నానమా?"

"అవునండీ."

"ఎలక్షన్ ఏడాది నా ఫొటోలో శవమా! బతికున్నది తెప్పించు. కాస్త అందంగా ఉండాలి."

ఆ చుట్టుపక్కల అందమైనది ఒక్కటే. ఓపల్ ట్రౌష్ అనే పెద్దావిడ కౌంటీ సంతలో పోటీకి పెంచుతున్న ఎద్దు. దానికి రోజూ షాంపూ, బ్లోయరుతో ఆరబెట్టడం, తోకకు దువ్వెన. ఓపల్ దాన్ని తెచ్చింది కానీ పగ్గం వదల్లేదు.

"ఒరే వెర్లిన్, ఆ గొలుసు వైపు దీన్ని చూడనిచ్చావో, మళ్లీ జన్మలో నీకు నా చేతి తీపి కొలాచీ రొట్టె దక్కదు."

"దక్కకపోతే బతకలేనమ్మా. నువ్వే నడిపించు."

రిబ్బను తెగింది. గోరువెచ్చటి నీళ్లు చిమ్మాయి. ఎద్దు ఒక గుమ్మంలో వెళ్లి ఇంకో గుమ్మంలోంచి బయటికి వచ్చింది. తోలు తుడిచి అక్కడికక్కడే పరీక్ష చేశారు.

"క్రిములున్నాయా?" అన్నారు కమిషనర్ గారు.

"లేవండీ. కానీ కడక్కముందూ లేవు. మిషను పనిచేసిందో లేదో..."

"ముందూ లేవా! నన్ను చూసి ముందే పారిపోయాయన్నమాట!"

విలేకరులు ఆ మాట రాసుకున్నారు. ఇంత చక్కటి శాస్త్రం ఆ కౌంటీ అంతకు ముందు విని ఉండదు.

కమిషనర్ గారు మిషను స్టీలు గోడలో తన ముఖం చూసుకున్నారు. అలాగే కాసేపు నిలబడ్డారు.

"ఎంత మెరుస్తోంది! దీని మీద ఒక్క పేడచుక్క పడినా పథకానికే మచ్చ. ఇందులోకి శుభ్రమైన పశువులే వెళ్లాలి. ఇది నా ఆర్డరు."

"మరి మురికివి ఎక్కడ కడగాలండీ?"

"అది మీ స్థానిక సమస్య."

తెల్లారేసరికి మిషను మీద 'శుభ్రమైన పశువులకే ప్రవేశం' అని ఇత్తడి బోర్డు వేలాడింది.

సోమవారం పొద్దున మొదటి ఎద్దు గొలుసుకు ఎక్కింది. నిలువెల్లా బురద. లైను చూసే చెలో అనే ఆవిడ బోర్డు వంకా ఎద్దు వంకా చూసింది.

"సార్, కడిగితేనే కడుగుతుందట. ఏం చేద్దాం?"

"కడుగుదాం."

"వేడినీళ్ల పైపు ఒక్కటే కదా, అది మిషనుకు పోతోంది."

వెర్లిన్ పానా తెచ్చి మిషనుకున్న పైపు ఊడదీశాడు. చెలో గరుకు బ్రష్షులు పంచింది. గుమాస్తాలు కూడా రబ్బరు బూట్లు తొడిగారు. లైను సగం వేగంతో నడిచింది. వెర్లిన్ మెడ దాకా తడిసి, ఒక్కో తోలూ తోమి కడిగాడు.

మధ్యాహ్నం ఫలితం వచ్చింది. తోళ్లు పాసయ్యాయి. చెలో బ్రష్షు గాల్లోకి ఎగరేసి, "రెండో షిఫ్టు వాళ్లకి ఫోన్ చెయ్యండి, రమ్మనండి!" అని అరిచింది.

కబురందిన కమిషనర్ గారు విలేకరులతో సహా వచ్చారు. మిషను లోపల చెయ్యి పెట్టి తడిమి, ఆ చెయ్యి అందరికీ చూపించారు.

"చూశారా! పొద్దుట్నుంచీ ఇన్ని పశువులను కడిగింది. చుక్క తడి లేదు! దీన్నంటారు టెక్నాలజీ. ఈ ఫ్యాక్టరీకి రెండో మిషను మంజూరు చేస్తున్నా. వెర్లిన్, ఎక్కడ పెట్టమంటావు?"

వెర్లిన్ పీట మీద కూర్చుని మేజోళ్లు పిండుకుంటున్నాడు.

"ఎక్కడైనా సరేనండీ," అన్నాడు. "ఆ పైపుకు మాత్రం అడ్డం రాకుండా చూడండి."