జనవరి ఆరున వచ్చిన సీతాకోకచిలుక

వసంతం కోసం ఏప్రిల్ దాకా ఆగడం అనాగరికం. ఈ మాట నేను బాగా ఆలోచించే రాస్తున్నాను.

మా తాతల రోజుల్లో ఏం చేసేవారు? సముద్రం మీద మంచు విరగాలి. విల్లో చెట్టు కంకులు వెయ్యాలి. గోడవార ఎండ కాస్త వెచ్చబడాలి. అప్పుడు ఒక సీతాకోకచిలుక, తనకు బుద్ధి పుట్టినప్పుడు, తనకు తోచిన దారిన వచ్చేది. అది వస్తే వసంతం వచ్చినట్టు, రాకపోతే రానట్టు. అంటే ఊరు ఊరంతా ఒక పురుగు దయ మీద బతికేది. ఇదేం బతుకు?

ఇప్పుడు ఆ అవస్థ తీరింది. ఎస్టోనియాలో, మా దీవిలో, మా ఊళ్ళో ఈ ఏడు మొదటి సీతాకోకచిలుక జనవరి ఆరున, శనివారం, మధ్యాహ్నం రెండు గంటలకు కనిపించింది. ఆ సమయానికి బయట మైనస్ పద్నాలుగు డిగ్రీలు.

ఎలా కనిపించిందంటారా? పోటీ వల్ల కనిపించింది.

ఐదేళ్ళ కిందట మా ఊరి లైబ్రరీ నడిపే మార్గిత్ గారు ఈ పోటీ పెట్టారు. ఏడాదిలో మొదటి సీతాకోకచిలుకను ఫోన్లో ఫొటో తీసి పంపినవారికి రెండు లీటర్ల స్టీలు ఫ్లాస్కు, బోర్డు మీద పేరు. జనం ఈ వంకనైనా ఇళ్ళలోంచి బయటికొచ్చి నాలుగడుగులు వేస్తారని ఆవిడ ఆశ. మంచి మనిషి. జనాన్ని ఎరగదు.

మొదటి ఏడు ఏప్రిల్ పదకొండున ఉత్తరాలు పంచే ఆవిడ గెలిచింది. సైకిలు ఆపి రోడ్డు పక్కన ఫొటో తీసిందట. రెండో ఏడు మా వాళ్ళకు జ్ఞానోదయం అయింది. సీతాకోకచిలుకలు ఎక్కణ్ణుంచో రావడం లేదు. చాలామటుకు ఇక్కడే ఉంటున్నాయి! చలికాలమంతా మన కట్టెల కొట్టంలోనే, దుంగల పగుళ్ళలో, రెక్కలు మూసుకుని ఎండుటాకుల్లా నిద్రపోతున్నాయి.

ఈ సంగతి మాకు కొత్తేం కాదు. కట్టెలు తెచ్చుకునేటప్పుడు దుంగ మీద ఒకటి పడుకుని కనిపిస్తే, ఆ దుంగను కదపకుండా వదిలేసి పక్కది తీసుకోవడం మా ఇళ్ళలో అలవాటు. ఎంత చలైనా, కట్టెలు ఎంత తక్కువైనా, ఆ దుంగ ఏప్రిల్ దాకా అక్కడే ఉండేది. ఎందుకని ఎవరూ అడగలేదు. మా అమ్మ వదిలేది, మేమూ వదిలేవాళ్ళం.

చూశారా ఎంత వెనకబాటుతనమో? అదే దుంగను తెచ్చి ఆవిరి స్నానాల గదిలో పెట్టి, పొయ్యి రెండు దఫాలు మండించండి. పావుగంటలో వసంతం రెక్కలు విప్పి చూరు కింద ఎగురుతుంది. ఫొటో తీసుకోండి.

ఇక అక్కణ్ణుంచి ప్రగతి ఆగలేదు. రెండో ఏడు మార్చి. మూడో ఏడు ఫిబ్రవరి. ఐవార్ అని మా వీధి చివర ట్రాక్టర్లు బాగుచేసే మనిషి ఉన్నాడు. కోడిపిల్లలకు పెట్టే ఎర్రబల్బు కింద మూడు సీతాకోకచిలుకల్ని ఒకేసారి లేపాడు. ఇంకొకావిడ జుట్టు ఆరబెట్టుకునే మిషన్‌తో లేపింది. నిరుడు ఒకాయన పంపిన ఫొటోలో సీతాకోకచిలుక క్రిస్మస్ చెట్టు మీద, కొవ్వొత్తి పక్కన కూర్చుని ఉంది. అది వచ్చే ఏటికి మొదటిదా, పోయే ఏటికి చివరిదా అని లైబ్రరీలో రెండు గంటలు వాదులాడుకుని, చివరికి జనవరి ఒకటికి ముందు వచ్చిన వసంతం చెల్లదని తీర్మానం చేశారు.

మరో లాభం చెప్పనా? పూర్వం మొదట కనిపించిన దాని రంగును బట్టి ఆ ఏడు ఎలా నడుస్తుందో తెలిసేది. పసుపుది కనిపిస్తే సుఖం. మచ్చలది కనిపిస్తే చాకిరీ. నల్లది కనిపిస్తే ఇంట్లో ఏదో కష్టం. మన చేతిలో ఏమీ లేదు. ఇప్పుడో? కొట్టంలో వెతుక్కోవచ్చు. నల్లది కనిపిస్తే దుంగ తిప్పి పెట్టేస్తే సరి. పసుపువి మాత్రం కొట్టాల్లో పడుకోవు, అడవిలో మంచు కింద ఆకుల్లో పడుకుంటాయి. అందుకని ఈసారి కొందరు పారలూ పళ్ళగొర్రులూ పట్టుకుని అడవికి కూడా వెళ్ళొచ్చారు. సుఖం కావాలంటే ఆమాత్రం కష్టపడాలి మరి.

ఇంత మంచి పనిని లెక్కచెయ్యని వాడు ఊళ్ళో ఒక్కడే. మా పక్కింటి వాల్దెక్.

వాల్దెక్ ఏడాది మొత్తంలో మాట్లాడేది ఒక కార్డు ముక్క మీద రాస్తే ఇంకా చోటు మిగులుతుంది. పెళ్ళయిన దగ్గర్నుంచి, యాభై ఒక్క ఏళ్ళుగా, అతనికి ఒక పని ఉంది. మొదటి సీతాకోకచిలుకను చూడగానే ఇంట్లోకి వెళ్ళి భార్య సాల్మెకు చెప్పాలి. చెప్పేది ఒక్క మాటే. పసుపు అనో, మచ్చలది అనో. అసలు ఆ మాట కూడా అక్కర్లేదు. మిగతా రోజుల్లో మెట్ల దగ్గర బూట్లు విప్పకుండా లోపలికి అడుగుపెట్టని మనిషి, ఆ ఒక్కరోజు బురద బూట్లతోనే వంటింట్లోకి నడిచేవాడు. సాల్మె నేల మీద మరకలు చూసేది, తిట్టేది కాదు. ఆ మరకలే మా వీధికి వసంతం.

పోయిన నవంబరులో సాల్మె మెట్ల మీద మంచుకు జారి పడింది. తుంటి ఎముక విరిగింది. పట్నంలో ఆపరేషన్ చేసి పంపారు. నడవమన్నారు. డిసెంబరులో ఒకసారి వంటింట్లో నాలుగడుగులు వేసి మళ్ళీ పడింది. దెబ్బేం తగల్లేదు గాని భయం పట్టుకుంది. ఇక మంచం దిగనంది. ఏప్రిల్ దాటితే ఆ కాలు అలాగే బిగుసుకుపోతుందని, తర్వాత ఎవరూ ఏమీ చెయ్యలేరని డాక్టరు చెప్పాడు. చక్రాల కుర్చీ ఒకటి ముందే తెచ్చి వరండాలో పెట్టారు. వాల్దెక్ దాని మీద దుప్పటి కప్పి గోడవైపు తిప్పేశాడు.

ఎప్పుడు నడుస్తావని అందరూ పోరగా పోరగా సాల్మె ఒక గడువు పెట్టింది. మొదటి సీతాకోకచిలుక వచ్చిన రోజు గేటు దాకా నడుస్తుంది. అంతవరకు తనను కదపొద్దు.

ఇంకేం, పోటీ ఆమెకు వరమైంది! జనవరి ఆరు సాయంత్రానికల్లా ఐవార్ ఫోను పట్టుకుని ఆమె మంచం దగ్గరికి పరిగెత్తాడు.

"పెద్దమ్మా, లే. వచ్చేసింది చూడు."

సాల్మె కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇది కూర్చున్నది దేని మీదరా?"

"ఆవిరి గదిలో బల్ల మీద."

"పక్కన స్నానానికి వాడే బిర్చ్ ఆకుల కట్ట కూడా ఉందే. ఒళ్ళు రుద్దుకోవడానికి వచ్చిందా?"

"ఎందుకొస్తే ఏం పెద్దమ్మా, సీతాకోకచిలుకే కదా."

"స్నానానికి వచ్చిన చుట్టంరా అది. స్నానం చేసి పోతుంది. దానికోసం నేను లేవను. వాల్దెక్ చూస్తే చెప్పు."

వాల్దెక్ పొయ్యి దగ్గర కూర్చుని ఉన్నాడు. కాళ్ళకు ఉన్ని మేజోళ్ళు.

మార్చి వచ్చింది. వాల్దెక్ రోజూ మధ్యాహ్నం బయల్దేరేవాడు. ముందు దక్షిణం గోడ, తర్వాత మా కట్టెల కొట్టం పక్క కంచె, ఆపైన గేటు దగ్గరి విల్లో చెట్టు. ప్రతి చోటా కాసేపు నిలబడేవాడు. ఏ ఏడైనా మా కొట్టంలో నిద్రలేచిన సీతాకోకచిలుక కంచె దాటి నేరుగా ఆ విల్లో మీదికే పోతుంది. అక్కడే అతను దాన్ని చూసేవాడు. యాభై ఒక్క ఏళ్ళలో నలభై ఏళ్ళు అలాగే జరిగింది.

ఏప్రిల్ వచ్చింది. అడవి అంచున నీలం పూలు పూశాయి. విల్లో కంకులు వేసింది. సముద్రం మీంచి గాలి తగ్గింది. సీతాకోకచిలుక రాలేదు.

ఎలా వస్తుంది? మా ఊరి సీతాకోకచిలుకలన్నీ శీతాకాలంలోనే కనిపించేశాయి. ఏప్రిల్లో కనిపించడానికి మిగిలిందేముంది? ఒక్కో ఇంటి నుంచి మూడేసి నాలుగేసి ఫొటోలు వెళ్ళాయి. లైబ్రరీ గోడ నిండా వసంతం ఉంది. బయట లేదంతే. దానికి పోటీని తప్పుపట్టడం భావ్యమా?

ఏప్రిల్ ఇరవై దాటాక వాల్దెక్‌కి సలహాలు మొదలయ్యాయి. చూశానని చెప్పెయ్యమని ఐవార్ అన్నాడు. పసుపుదని చెబితే మరీ మంచిదని మార్గిత్ గారన్నారు. వాల్దెక్ అందరి మాటా విన్నాడు. ఒకరోజు ప్రయత్నించాడు కూడా. ఇది నాకు సాల్మె తర్వాత చెప్పింది. వాల్దెక్ చెప్పగా వినాలంటే నేను ఇంకో యాభై ఏళ్ళు బతకాలి. ఆ రోజు అతను వచ్చి మంచం పక్కన నిలబడ్డాడట. నోరు తెరిచాడట. సాల్మె అతని ముఖం చూడలేదు, కాళ్ళ వైపు చూసింది.

"మేజోళ్ళతో వచ్చావు. ఇంకా రాలేదన్నమాట," అంది.

అతను నోరు మూసుకున్నాడు.

ఏప్రిల్ ఇరవై ఏడున నేను కంచె దగ్గర కట్టెలు పేరుస్తున్నాను. వాల్దెక్ విల్లో కింద చాలాసేపు నిలబడి ఇంటివైపు నడిచాడు. మెట్ల దగ్గర ఆగాడు. బూట్లు విప్పడానికి వంగాడు. అలా వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. పాపం నడుము పట్టేసిందేమో అనుకున్నాను. తర్వాత నిటారుగా లేచి, తలుపు తీసుకుని, బూట్లతోనే లోపలికి వెళ్ళాడు.

సాల్మె నేల మీద మరకలు చూసింది.

"ఏ రంగు?" అని అడిగింది.

అబద్ధం అలవాటు లేనివాడు బూట్ల వరకే ఆలోచించాడు. రంగు సంగతి ఆలోచించుకోలేదు. కాసేపు తడుముకుని, "నువ్వే వచ్చి చూడు," అన్నాడట.

సాల్మె లేచింది. ఎలా లేచిందో నేను చూడలేదు. మెట్లు దిగడం చూశాను. ఒక చేతిలో కర్ర, ఇంకో చెయ్యి వాల్దెక్ భుజం మీద. గేటుకు ఇరవై రెండు అడుగులు. మధ్యలో మూడుసార్లు ఆగింది. ఒకసారి వాల్దెక్ ఆపబోతే చెయ్యి విదిలించింది. గేటు పట్టుకుని నిలబడి విల్లో చెట్టు వైపు తలెత్తి చూసింది. చాలాసేపు చూసింది. నేనూ చూశాను. కంకులున్నాయి, కొమ్మలున్నాయి, వాటి వెనక ఆకాశం ఉంది. ఇంకేం లేదు.

"పసుపు," అంది సాల్మె.

వాల్దెక్ తలూపాడు.

అయ్యలారా, అమ్మలారా, ఇప్పుడు చెప్పండి. ఈ పోటీయే లేకపోతే వాల్దెక్ అనేవాడు ఈ జన్మకు ఒక్క అబద్ధమైనా ఆడేవాడా? దానికి సాల్మె అంత నిబ్బరంగా ఇంకో అబద్ధం జతచేసేదా? ఆధునిక విజ్ఞానం మనుషుల్ని ఎలా కలుపుతుందో చూశారా?

ఒక సంగతి చెప్పడం మరిచాను. జనవరి ఆరున గెలిచింది ఎవరో రాయలేదు కదూ. నేనే.

మచ్చలది. మా కొట్టంలో, వాల్దెక్ కంచె వైపు వరసలో, కింది నుంచి మూడో దుంగ మీద పడుకుని ఉంది. ఫొటో బాగా వచ్చింది. తర్వాత అది కిటికీ అద్దానికి కొట్టుకుంటూ మూడు రోజులు ఉంది. చక్కెర నీళ్ళు పెట్టాను, ముట్టుకోలేదు. బయటికి వదులుదామంటే మైనస్ పద్నాలుగు. నాలుగో రోజు కిటికీ గట్టు తుడిచాను. ఫ్లాస్కు మాత్రం మంచిది. పొద్దున పోసిన కాఫీ సాయంత్రానికి కూడా నోరు కాలుస్తుంది.

ఏప్రిల్ ఇరవై ఎనిమిది నుంచి సాల్మె రోజూ గేటు దాకా నడుస్తోంది. మూడో రోజు కంచె మీంచి నన్ను పిలిచింది.

"ఒరే ఆగుస్తూ, నీ ఫ్లాస్కులో కాఫీ ఉంటే పట్రా. ఉత్తినే ఉంచుకుని ఏం చేస్తావు."

తీసుకెళ్ళాను. కప్పులు వాల్దెక్ తెచ్చాడు. సాల్మె ఫ్లాస్కును అటూ ఇటూ తిప్పి చూసింది. లైబ్రరీ వాళ్ళు దాని మీద తారీఖు కూడా చెక్కించారు.

"వచ్చే జనవరిలో మీ ఆవిరి గదిలోకి దుంగలు మోసుకెళ్ళావో, దీంతోనే నీ నెత్తి మీద ఒకటి వేస్తాను," అంది. "రెండు లీటర్లది. నిండా పోసి మరీ వేస్తాను."

సరేనన్నాను. తర్వాత రోజూ ముగ్గురం గేటు దగ్గర కాఫీ తాగుతున్నాం. ఎవరూ చెట్టు వైపు చూడం. అంటే, చూస్తున్నట్టు ఒకరికొకరం కనబడనివ్వం.

మే నాలుగున, కాఫీ సగంలో ఉండగా, అడవి వైపు నుంచి ఒకటి వచ్చింది. ఎవరి పళ్ళగొర్రుకూ దొరకనిది. పసుపుది. కాస్త తూలుతూ వచ్చి విల్లో కంకి మీద కూర్చుంది, రెక్కలు మూసింది. ముగ్గురం కప్పులు పట్టుకుని కదలకుండా నిలబడ్డాం. సాల్మె కర్ర వాల్దెక్ చేతిలో ఉంది. అది లేకుండానే ఆమె నిలబడి ఉందన్న సంగతి ఆమె గమనించలేదు.

వాల్దెక్ గొంతు సవరించుకున్నాడు.

"ఇది రెండోది," అన్నాడు.

నా ఫోను జేబులోనే ఉండిపోయింది. లైబ్రరీకి చెప్పలేదు. రెండోదానికి బహుమతి లేదు.