ఎమ్మెట్‌ను ఎవరూ ముట్టుకోకూడదు

అమెరికాలో నెబ్రాస్కాలోని క్లియర్ ఫోర్క్ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్ లైల్ హాస్టెట్లర్ ఆ సోమవారం ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. శనివారం ఆట దాకా ఎమ్మెట్‌ను ఎవరూ ముట్టుకోకూడదు. అంతే.

ఎమ్మెట్ కోలార్ ఆ జట్టుకు నాలుగో క్వార్టర్‌బ్యాక్. బంతి అందుకుని, ఎవరికి వెయ్యాలో చూసి విసిరేవాడు లేకపోతే ఆ ఆటే లేదు. మొదటివాడికి మొదటి ఆటలోనే భుజం ఎముక విరిగింది. రెండోవాడికి మోకాలు పోయింది. మూడోవాడు బస్సు దిగుతూ అభిమానులకు చెయ్యి ఊపి మెట్టు తప్పాడు. అభిమానులు ఇద్దరే, అందులో ఒకామె వాళ్లమ్మ. ఎమ్మెట్ అసలు పని బంతిని కాలితో తన్నడం. చేత్తో కూడా విసరగలడన్న సంగతి మొన్నటిదాకా వాడికే తెలియదు.

జట్టు ఆరు ఆటలు ఆడి ఆరూ ఓడింది. "జట్టును పునర్నిర్మిస్తున్నాం" అని కోచ్ మూడేళ్లుగా చెబుతున్నాడు. కాఫీ హోటల్లో రైతులు "పునాది ఎందాకా వచ్చింది కోచ్?" అని అడిగి అడిగి విసిగి మానేశారు. కాలేజీ ప్రెసిడెంట్ మార్జరీ విట్‌లాక్ మాత్రం మానలేదు. ఈ సీజన్‌లో ఒక్క ఆటైనా గెలవకపోతే సామాను సర్దుకోమంది. లైల్‌కు యాభై నాలుగేళ్లు. ఈ పని తప్ప ఇంకో పని రాదు. ఈ పని వచ్చునా అన్నది వేరే విషయం. శనివారం రాబోయే జట్టు కూడా ఆరుకు ఆరూ ఓడింది. ఇలాంటి అదృష్టం మళ్లీ తలుపు తట్టదు.

ప్రాక్టీసులో క్వార్టర్‌బ్యాక్‌కు ఎర్ర జెర్సీ తొడుగుతారు. అది తొడుక్కున్నవాడి జోలికి ఎవరూ పోరు. పాతది చిరిగిపోతే కోచ్ కొత్తది కొన్నాడు. ఆటగాళ్ల గది తలుపు మీద ఒక కాగితం కూడా అంటించాడు: "ఎర్ర జెర్సీని ముట్టుకున్నవాడు స్టేడియం మెట్లు యాభై సార్లు ఎక్కి దిగాలి. ఎవరికీ మినహాయింపు లేదు." కొత్తబట్ట ఎమ్మెట్ మెడకు ఒరుసుకుంటుందేమోనని, ప్రేమ కొద్దీ, తానే తీసుకెళ్లి వాషింగ్ మెషీన్‌లో పడేసి వేడినీళ్లు తిప్పాడు. అందులో అప్పటికే జట్టంతటి ప్రాక్టీసు తెల్ల జెర్సీలు ఉన్నాయి.

గంట తర్వాత, బట్టల గది చూసుకునే వెర్నా ద్వోరాక్ మెషీన్ మూత తీసి కోచ్‌ను పిలిచింది.

"లైల్, ఇది నీ పనేనా?"

"ఏమైంది వెర్నా గారూ?"

"ఏమీ కాలేదు. యాభై జెర్సీలకూ ఒకేసారి సిగ్గేసింది."

"మళ్లీ ఉతికితే పోదా?"

"నలభై ఏళ్లుగా ఉతుకుతున్నాను బాబూ. నీ ఎరుపు ఎలాగూ పోయింది. ఈ గులాబీ మాత్రం పోదు."

ప్రాక్టీసుకు రెండో జత లేదు. యాభై మందీ గులాబీ రంగులో మైదానానికి వచ్చారు. హెల్మెట్లు పెట్టుకున్నాక అందులో ఎమ్మెట్ ఎవరో కన్నతల్లి కూడా చెప్పలేదు. ఎదుటివాణ్ణి పడగొట్టడమే పనిగా జట్టులో ఉన్న టోబియాస్ బ్రంక్, నూట నలభై కిలోల మనిషి, బంతితో వచ్చినవాడి ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"పడగొట్టవేంరా?" అన్నాడు కోచ్.

"రూలుంది కదా కోచ్."

"అది ఎరుపుకు. ఇది గులాబీ."

"నీరసపడ్డ ఎరుపే కదా కోచ్ ఇది. యాభై సార్లు మెట్లెక్కితే నేను బతకను. అయినా వీడు ఎమ్మెట్ కాదని మీరు రాసిస్తారా?"

కోచ్ దగ్గరికెళ్లి హెల్మెట్‌లోకి తొంగి చూశాడు. వాడు ఎమ్మెటే. ఆయన గబుక్కున వెనక్కి జరిగాడు.

"ఎవరూ ఎవర్నీ ముట్టుకోవద్దు. శనివారం దాకా ఇంతే," అన్నాడు.

ఆ ప్రాంతం వాళ్లు అసలే మర్యాదస్తులు. నాలుగు రోడ్ల కూడలిలో ముందు మీరంటే ముందు మీరంటూ కార్లు ఆపుకుని పొద్దు పుచ్చుతారు. బుధవారానికల్లా కుర్రాళ్లు ఎదురొచ్చినవాడికి "వెళ్లండి, వెళ్లండి" అని దారి ఇవ్వడం బాగా అలవాటు చేసుకున్నారు.

గురువారం ఊరి పత్రికలో జట్టు ఫోటో పడింది. అది అక్టోబరు. అక్టోబరులో ఆటగాళ్లు గులాబీ వేసుకున్నారంటే అది రొమ్ము క్యాన్సర్ బాధితుల కోసమేనని ఆ దేశంలో పసిపిల్లలకు కూడా తెలుసు. తోచనివాడు కోచ్ ఒక్కడే. కాఫీ హోటల్లో ముగ్గురు ముసలమ్మలు తనను కౌగిలించుకుని ఏడ్చేదాకా ఆయనకు సంగతి అర్థం కాలేదు. నిజం చెప్పేద్దామని నేరుగా ప్రెసిడెంట్ గదికి వెళ్లాడు.

"మేడమ్, ఆ జెర్సీలు... ఉతకడంలో..."

"మీ చేతులతో మీరే ఉతికారట. వెర్నా చెప్పింది," అందామె. "మా అమ్మ ఆ జబ్బుతోనే పోయింది, కోచ్. మీకు ఇంత మనసుందని అనుకోలేదు."

ఆమె కళ్లు తుడుచుకుంది. కోచ్‌కు సిగ్గుతో తల వాలిపోయింది.

"సొంత మైదానంలో మనం ముదురు రంగే వేసుకోవాలి, వచ్చేవాళ్లు లేత రంగు వేసుకోవాలి, నియమం అది. అందుకే వాళ్లకు ఫోన్ చేశాను. ఆ గౌరవమేదో వాళ్లే చేస్తామన్నారు, గులాబీ కట్టుకొస్తారు," అంది. "అన్నట్టు, గెలుపు సంగతి మర్చిపోకండి. మాటంటే మాటే."

శనివారం స్టేడియం కిక్కిరిసింది. ఆట మొదలైంది. గులాబీ జెర్సీవాడు బంతి చంకలో పెట్టుకుని వచ్చాడు. టోబియాస్ రెండు చేతులూ చాపి మీదికి ఉరికాడు. రంగు చూశాడు. పక్కకు జరిగాడు.

"వెళ్లండి," అన్నాడు.

వెనక ఉన్న పదిమందీ అదే మర్యాద చేశారు. వచ్చినవాళ్లు కూడా ఆరు ఓడినవాళ్లే కాబట్టి, ఎవరూ అడ్డురాకపోయినా మధ్యమధ్యలో బంతి జారవిడుచుకున్నారు. అందువల్ల సగం ఆటకు ఇరవై ఎనిమిది సున్నాతో ఆగింది. ఎమ్మెట్ చేతికొచ్చిన బంతినల్లా నిప్పుకణికలా విసిరి పారేస్తున్నాడు.

విరామంలో కోచ్ తలుపు మీది కాగితం చింపేశాడు.

"రూలు రద్దు. రంగు చూడకండి. కనబడ్డవాణ్ణల్లా పట్టుకోండి."

"ఎవర్నైనా పట్టుకోవచ్చా కోచ్?" అన్నాడు టోబియాస్.

"ఎవర్నైనా."

వారం రోజులుగా ఎవరూ తమను తాకలేదు కాబట్టి, ఆ సీజన్‌లో మొదటిసారి యాభై మందీ ఒంటిమీద దెబ్బ లేకుండా ఉన్నారు. దాచుకున్న బలమంతా బయటికి తీశారు. ఇరవై ఎనిమిది ఇరవై నాలుగు దాకా వచ్చింది. ఇంకా ఆరు సెకన్లుండగా బంతి ఎమ్మెట్ చేతికి వచ్చింది. విసరడానికి ఎవరూ కనబడలేదు. వాడు భయంతో పరుగు లంకించుకున్నాడు. చివరి గీత దాటితే ఆరు పాయింట్లు. దాటాక కూడా కాసేపు పరిగెత్తాడు.

ముప్ఫై, ఇరవై ఎనిమిది. లైల్ హాస్టెట్లర్ అందరి ముందూ ఏడ్చేశాడు.

అంతలో యాభై మందీ ఎమ్మెట్ వైపు ఉరకడం కనబడింది. "వద్దురా, వాణ్ణి ముట్టుకోకండిరా" అని కోచ్ గొంతు చించుకున్నాడు. అందరికంటే ముందు చేరినవాడు టోబియాస్.

ప్రెసిడెంట్ మైదానంలోకి వచ్చి చెయ్యి కలిపింది. "ఇంకో మూడేళ్లు మీరే, కోచ్," అంది. ఆయన వినిపించుకోలేదు. స్ట్రెచర్ పక్కన నడుస్తూ ఎమ్మెట్ కుడిచెయ్యి పట్టుకున్నాడు. ఎడమ భుజం పట్టుకునే స్థితిలో లేదు.

"బాగా నొప్పిగా ఉందా నాయనా?"

"ఫర్వాలేదు కోచ్. ఆటంతా వాళ్లకు ఒక్కసారి కూడా దొరకలేదు చూశారా?"

నిజమే, ఆ రోజు ఎమ్మెట్‌ను కింద పడేసినవాళ్లంతా సొంత జట్టువాళ్లే.