కొత్త కాయిలుకు ముందు చేసిన కాన్పులు

ఆరోగ్య కేంద్రాల సిబ్బందికి బిగించిన మెరుగైన ఇగ్నిషన్ కాయిళ్ళ వల్ల పనితీరు పెరగలేదని తేలడంతో, వాళ్ళు అంతకుముందు చేసిన పనిని తగ్గించాలని జిల్లా కార్యాలయం ఉత్తర్వు ఇచ్చింది. ఉత్తర్వు నకలు ఎస్తేరురాణికి మంగళవారం అందింది. ఆమె అలాంటి ఒక కేంద్రంలో ఇరవై ఏళ్ళుగా కాన్పులు చేస్తున్న నర్సు.

కాయిలును ఏప్రిల్లో ఎడమ భుజం కింద బిగించారు. బిగించింది ప్రభుత్వ గ్యారేజీ మెకానిక్కు మస్తాన్. అతను అక్కడున్న పాత కాయిలును విప్పి మీటరు పెట్టి చూశాడు.

“ఇది బాగానే ఉంది నర్సమ్మా. పాతది పాడై ఇంజను మిస్ కొడతా ఉంటే, కొత్తదేస్తే తేడా తెలుస్తది. బాగున్నదాని బదులు ఎంత పెద్దదేసినా అంతే. నిప్పురవ్వకి ఎంత కావాలో అంతే తీసుకుంటది.”

“మరెందుకేస్తన్నావ్?”

“పవర్ పెరుగుద్దని డబ్బా మీద రాసుందిగా. పెట్రోలూ గాలీ అంతే ఉంచి కాయిలొక్కటే మారిస్తే బండేం పరిగెత్తుద్ది?”

“కరెంటు పోతంది, ఇన్వర్టరు కావాలని నాలుగుసార్లు రాశా అబ్బాయ్.”

“అది ఇంకో స్కీమమ్మా. చెయ్యెత్తు.”

కాయిలుకు ముందు నెలకు ఆరు కాన్పులు. తర్వాతా ఆరే. చుట్టుపక్కల ఊళ్ళలో గర్భిణులు అంతమందే ఉన్నారు.

ఉత్తర్వు వెనకే పర్యవేక్షకుడు శేషగిరి ఫారం తెచ్చాడు. అందులో ‘తర్వాత’ గడిని దిద్దితే తప్పుడు లెక్క అవుతుంది, నిబంధనలు ఒప్పుకోవు. ‘ముందు’ గడికి అలాంటి నిబంధన లేదు. దాన్ని ఐదు చేయమన్నాడు. నెలకొకటి చొప్పున ఇరవై ఏళ్ళకు రెండు వందల నలభై కాన్పులు ఆమె చేయనివవుతాయి.

“మరి ఆ పిల్లలు?” అని అడిగింది.

“పిల్లలెక్కడికీ పోరు సిస్టర్. పుట్టే ఉంటారు. మీరు చేయలేదు, అంతవరకే.”

“నేను ఒప్పుకోకపోతే?”

“మెరుగు కనబడని కేంద్రాన్ని ఎత్తేస్తారు. పక్క కేంద్రం ముప్పై కిలోమీటర్లు. నొప్పులొచ్చినోళ్ళు ఆటోలో పోతారు. మీ ఇష్టం.”

ఆటోలో కన్నవాళ్ళను ఆమె చూసింది. వాళ్ళలో ఇద్దరు బిడ్డ లేకుండా దిగారు. ఎస్తేరురాణి ఆరు కొట్టేసి ఐదు వేసి, పక్కన సంతకం చేసింది.

సోమవారానికి రెండు వందల నలభై మందికి బొడ్డు పోయింది. నొప్పి లేదు, మచ్చ లేదు. బొడ్డు కోసిన మనిషి రికార్డులో లేనప్పుడు బొడ్డు ఉండటం కుదరదని కార్యాలయం వివరణ ఇచ్చింది. ఆధార్‌కు ఇబ్బంది రాదని కూడా చెప్పింది. లుంగీ ఎక్కడ కట్టుకోవాలో తెలియడం లేదని ఒకతను అర్జీ పెట్టాడు. సుమారుగా కట్టుకోమని జవాబు వచ్చింది. వాళ్ళలో కొందరు బజారులో ఎదురైనప్పుడు ఎస్తేరురాణిని పలకరించడం మానేశారు. ఏమని పలకరించాలో వాళ్ళకు తెలియలేదు.

ఆ నెలలోనే నాగూర్‌బీ నొప్పులతో వచ్చింది. పందొమ్మిదేళ్ళ పిల్ల, తొలి కాన్పు. చీర జరిపి చూస్తే పొట్ట మీద బొడ్డు లేదు. పదకొండు గంటలకు ఆడపిల్ల పుట్టింది, ఏడ్చింది. ఎస్తేరురాణి దారం అందుకుంది.

“నా బొడ్డు కోసింది నువ్వేనని మాయమ్మ చెప్పుద్ది,” అంది నాగూర్‌బీ.

ఆ రోజు ఎస్తేరురాణికి గుర్తుంది. కాళ్ళు ముందొచ్చాయి. కరెంటు లేదు. లాంతరు పట్టుకున్న తండ్రి కళ్ళు మూసుకున్నాడు.

“నేను కాదమ్మా,” అంది.

నాగూర్‌బీ కాసేపు ఆమె చేతులకేసి చూసింది.

“పోనీలే నర్సమ్మా. దీనికైనా గట్టిగా ముడెయ్యి.”

ఎస్తేరురాణి ముడి వేసింది. దాని మీద ఇంకొకటి వేసింది. తర్వాత చేతులు కడుక్కుని, రిజిస్టరు తెరిచి, ‘మునుపటికన్నా మెరుగు’ అన్న గడిలో టిక్కు పెట్టింది.